వెయ్యి గజాల ట్యాంకు

"అతుకుల బొంత" అన్న మాటను తెలుగు పత్రికలు ఎప్పుడూ తిట్టుగానే వాడతాయి. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే అతుకుల బొంత. మూడు కథలు అతికించి సినిమా తీస్తే అతుకుల బొంత. ఇలా రాసేవాళ్లలో ఒక్కరైనా నాలుగు చదరపు ముక్కలు తీసుకుని, వాటి మూలలన్నీ ఒకే చుక్క దగ్గర కలిసేలా కుట్టి చూశారా అని నా ప్రశ్న. ఆ ఓపిక ఉన్నవాళ్ల చేతిలో పెడితే ఏ సంకీర్ణ ప్రభుత్వమైనా ఐదేళ్లు కిక్కురుమనకుండా నడుస్తుంది. సరే, ఆ అవమానం సంగతి ఇంకోసారి తేల్చుకుందాం. ఇవాళ నేను కలం పట్టింది అంతకంటే తీవ్రమైన విషయం మీద. అమెరికా రోడ్ల మీద తిరిగే ఆర్వీల్లో, అంటే మంచం, వంటగది అన్నీ లోపలే ఉండే బండ్లలో, గుడ్డకు జరుగుతున్న అన్యాయం గురించి.

రిటైరయ్యాక మేమూ ఒక మోటార్‌హోమ్ కొన్నాం. 30 అడుగులది, పాతదే. మా ఆయన ఉద్దేశంలో అది దేశం చూడడానికి. నా ఉద్దేశంలో అది చక్రాలున్న కుట్టు గది. వెనక ఒక మంచం, ముందు ఒక డ్రైవరు ఉండడం అదనపు సౌకర్యం. ఇద్దరం ఒకే కాగితం మీద సంతకం పెట్టాం కానీ ఒకే బండి కొనలేదు.

మొదటి గొడవ బరువుతో వచ్చింది. బండి తలుపు దగ్గర పసుపు రంగు స్టిక్కరు ఒకటి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని అందులో రాసి ఉంటుంది. మాది 1,100. మా ఆయన ఆ స్టిక్కరును రాజ్యాంగంలా చదువుతారు. ఒకరోజు కాగితం, పెన్సిలు పట్టుకుని అరలన్నీ తెరిచారు.

"ఇందులో ఏముంది?"

"మెత్తటివి."

"మెత్తటివంటే?"

"బరువు లేనివి."

ఆ సమాధానం ఆయనకు నచ్చలేదు. క్విల్టింగ్‌కు, అంటే ముక్కలు అతికి బొంత కుట్టడానికి, వాడే కాటన్ గుడ్డ గజం సుమారు 150 గ్రాములు ఉంటుంది. చేతిలో పట్టుకుంటే ఏమీ అనిపించదు. ఆ 150 గ్రాములే నేరం అన్నట్టు ఆయన గజాలన్నీ లెక్కపెట్టబోయారు. అప్పుడు నేను ఆ స్టిక్కరునే ఇంకాస్త కిందికి చదవమన్నాను. నిండు ట్యాంకు నీళ్లు కూడా సామాను కిందే లెక్క అని, గ్యాలన్‌కు 8.3 పౌండ్లు అని అక్కడే రాసి ఉంది. మా ట్యాంకు 40 గ్యాలన్లు. అంటే 332 పౌండ్లు, దగ్గర దగ్గర 150 కిలోలు. ఇప్పుడు మీరే భాగించండి. ఒక ట్యాంకు నీళ్ల బరువు సరిగ్గా వెయ్యి గజాల గుడ్డ బరువు.

ఈ లెక్క తేలిన రోజు నాకు రాత్రంతా నిద్రపట్టలేదు. పెద్ద మంచానికి సరిపడే బొంతకు పైగుడ్డ, అస్తరు అన్నీ కలిపి 15 నుంచి 18 గజాలు పడుతుంది. అంటే అరవైకి దగ్గరగా బొంతలు పట్టే జాగాను మేము గిన్నెలు కడుక్కోవడానికి తగలేస్తున్నాం! నీళ్లు బండ్లు రాత్రికి ఆగే దాదాపు ప్రతి క్యాంప్‌గ్రౌండ్‌లోనూ కుళాయి తిప్పితే వస్తాయి. అదే డై లాట్‌లో (ఒకే విడతలో రంగు అద్దిన సరుకులో), అదే నీలం రంగు, అదే చిన్న పువ్వు మళ్లీ ఏ కుళాయిలో వస్తుంది? ఎవరికైనా అనుమానం ఉంటే షాపులో తానులోని ఆఖరి ముక్క కోసం ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి చెయ్యి చాచిన దృశ్యం చూడాలి.

చరిత్ర కూడా నా పక్షమే. 1840లలో పడమటికి వలసపోయే ఆరెగాన్ ట్రెయిల్ అనే దారి మీద సుమారు 2,000 మైళ్లు బండ్లు కట్టుకుని వెళ్లిన కుటుంబాలు బొంతలు తీసుకెళ్లాయి. పింగాణీ సామాను పగలకుండా వాటిలోనే చుట్టారు. దుమ్మూ గాలీ లోపలికి రాకుండా బండి గూడుకు అవే వేలాడదీశారు. ఎద్దులు లాగలేకపోయినప్పుడు ఇనప పొయ్యిలు, బల్లలు, పెట్టెలు దారిలో పారేసి ముందుకు సాగారు. ఈ పూర్వ ఉదాహరణను ఆధారంగా చూపించి, మా ఆయన బార్బెక్యూ పొయ్యినీ, రెండు మడత కుర్చీలనూ, సాకెట్ రెంచీల పెట్టెనూ ఇంట్లో దింపేయాలని ప్రతిపాదించాను. రెంచీల పెట్టె మాత్రం ఉండాల్సిందేనన్నారు. దారిలో ఏదైనా విరిగితే ఎలాగట. విరిగితే చూసుకోవచ్చు. సూది విరిగితే ఎవరు చూసుకుంటారు? అందుకే నా దగ్గర నాలుగు సైజుల్లో 80 సూదులున్నాయి.

ఇక కరెంటు. బయటివాళ్లు కుట్టు మిషనే కరెంటు తాగేస్తుందని అనుకుంటారు. పాపం, దానికేమీ తెలియదు. నా దగ్గరున్నది సింగర్ ఫెదర్‌వెయిట్. 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శన రోజుల్లో బయటికి వచ్చిన మోడల్. అల్యూమినియం ఒళ్లు, మొత్తం 11 పౌండ్లు, పక్క బల్ల పైకి మడిచేసి పెట్టెలో పెట్టుకోవచ్చు. ఆర్వీలో కుట్టుకునే ఆడవాళ్లు దాన్ని కొత్త పెళ్లికొడుకులా చూసుకుంటారు. ఒక బల్బుకు పట్టేంత కరెంటు ఇస్తే చాలు, టకటకమంటూ పొద్దంతా పనిచేస్తుంది. అసలు దొంగ ఇస్త్రీ పెట్టె. దానికి 1,500 వాట్లు కావాలి. కప్పు మీద ఏసీకి ఇంకో 1,500. మైక్రోవేవ్‌కు వెయ్యికి పైనే. క్యాంప్‌గ్రౌండ్ వాడిచ్చే 30 ఆంపియర్ల లైను మీద మొత్తం 3,600 వాట్లే వస్తాయి. కూడికలు వచ్చిన ఏ పిల్లవాడైనా దీని పర్యవసానం చెప్పగలడు.

క్విల్టింగ్ తెలియని వాళ్లు "ఇస్త్రీ మానేయొచ్చుగా" అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, జాలి. ప్రతి కుట్టు తరవాతా ఆ కుట్టును ఇస్త్రీతో అణచాలి. అణచకపోతే తరవాతి ముక్క వంకర, దాని తరవాతిది ఇంకా వంకర, పది ముక్కలయ్యేసరికి చదరం కాస్తా చేప ఆకారంలోకి వస్తుంది. అందుకని ఆరిజోనా ఎండలో, బయట మనిషి నిలబడలేని మధ్యాహ్నం, మా బండిలో ఒక రాజ్యాంగ సంక్షోభం ఏర్పడుతుంది. చల్లదనమా, తిండా, చదునా? మూడింటిలో రెండే. నేను పెట్టె ప్లగ్ పెడుతున్నానని ముందే చెప్పాలని మా మధ్య ఒప్పందం ఉంది. ఒక రాత్రి మరిచిపోయాను. పప్పు వేడవుతోంది, ఏసీ తిరుగుతోంది, నేను పెట్టె ఆన్ చేశాను. టప్ మని చీకటి. మా ఆయన ఏమీ అనలేదు. చెప్పుల కోసం తడుముకున్నారు, దొరకలేదు, ఒట్టికాళ్లతోనే టార్చి పట్టుకుని బయట స్తంభం దగ్గరికి వెళ్లి బ్రేకర్ పైకెత్తి వచ్చారు. గుమ్మంలో ఆగి, పాదం ఎత్తి, టార్చి వెలుతురులో మడమ లోంచి గుండుసూది ఒకటి తీశారు. పసుపు రంగు తల ఉన్నది. రెండు రోజులుగా నేను వెతుకుతున్నది అదే.

"థాంక్సండీ" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

జాగా గురించి ఎక్కువ చెప్పను, చెబితే ఏడుపొస్తుంది. తినే బల్ల మీద రెండు కంచాలు, ఒక కత్తిరింపు మ్యాట్ పడతాయి. ఆ మ్యాట్‌ను ఒకసారి డ్యాష్‌బోర్డు మీద ఎండలో మరిచిపోతే కాల్చిన అప్పడంలా లేచి కూర్చుంది, మళ్లీ పడుకోలేదు. బండిని సమంగా నిలపడానికి మా ఆయన దగ్గర బుడగ ఉన్న నీటిమట్టం ఉంది. నేను బల్ల మీద బాబిన్ (మిషనులో దారం చుట్టే చిన్న చక్రం) పెడతాను. దొర్లితే వంకర. ఇప్పటి వరకు బాబిన్‌దే పైచేయి. ఇక పైగుడ్డ, మధ్యలో దూది, అస్తరు, ఈ మూడు పొరలూ పరిచి టాకాలు వేయాల్సి వచ్చినప్పుడు క్యాంప్‌గ్రౌండ్ లాండ్రీ గదిలో బట్టలు మడతపెట్టే పొడుగు బల్ల ఒక్కటే దిక్కు. తడి బట్టల బుట్ట పట్టుకుని మన వెనక నిలబడి నిట్టూర్చే వాళ్లను పట్టించుకోకూడదు. వాళ్ల బట్టలు ఆగితే మహా అయితే ముడతలు పడతాయి.

జాగా మిగల్చడానికి నా దగ్గర శాస్త్రీయమైన వాదన కూడా ఉంది. రెండున్నర అంగుళాల చదరం నాలుగు పక్కలా పావు అంగుళం కుట్టులోకి పోయాక రెండు అంగుళాలు అవుతుంది. 6.25 చదరపు అంగుళాల గుడ్డ 4 చదరపు అంగుళాలుగా తేలింది. అంటే కుట్టిన కొద్దీ గుడ్డ 36 శాతం తగ్గుతోంది! నేను ఎంత ఎక్కువ కుడితే బండిలో అంత జాగా. మా ఆయన కాసేపు ఆలోచించి, "మరి బరువో?" అన్నారు. ఇంజనీర్లతో ఇదే చిక్కు.

రూటు ఎవరు నిర్ణయిస్తారన్నది ప్రతి ఆర్వీలోనూ రగిలే ప్రశ్న. మా ఆయన మ్యాపులో పచ్చగా ఉన్నవి నేషనల్ పార్కులు. నా మ్యాపులో కెంటకీలోని పదూకా ఉంది. అక్కడ 1991 నుంచి నేషనల్ క్విల్ట్ మ్యూజియం నడుస్తోంది, 2013లో యునెస్కో ఆ ఊరిని హస్తకళల నగరంగా గుర్తించింది కూడా. జులై రెండో శనివారం ఆరెగాన్‌లోని సిస్టర్స్‌లో ఊరి గోడల మీద, వసారాల మీద బొంతలే బొంతలు. 1975లో మొదలైన ప్రదర్శన అది. మిస్సోరిలోని హామిల్టన్‌లో రెండు వేల మంది కూడా ఉండరు, మెయిన్ స్ట్రీట్ మీద వరసగా గుడ్డల షాపులు మాత్రం ఉంటాయి. పిల్లల బట్టలకొకటి, పండగ డిజైన్లకొకటి. భార్యల్ని లోపలికి పంపి బయట బెంచీల మీద కూర్చున్న మగవాళ్లను అక్కడ చూస్తే, ఏదో పెద్ద ఆపరేషన్ జరుగుతున్న ఆస్పత్రి వరండాలా ఉంటుంది.

చుట్టుదారి ఖర్చు గురించి మా ఆయన చెప్పే అంకె ఒకటుంది. మా బండి గ్యాలన్‌కు 8 మైళ్లు ఇస్తుంది. ఆకుపచ్చ దారపు రీలు కోసం 60 మైళ్లు పక్కకు వెళ్లామంటే ఏడున్నర గ్యాలన్లు. "ఆ రీలు ఎంత?" అని అడిగి, జవాబు విన్నాక చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. నిజానికి ఆ షాపులో ఆ ఆకుపచ్చ దొరకలేదు. ఆరు గజాల ఎరుపు దొరికింది. ఈ సంగతి ఆయన కిటికీలోంచి చూస్తున్నప్పుడు చెప్పడం ధర్మం కాదని ఊరుకున్నాను.

నెవాడాలో ఎడారి మధ్యనుంచి 375 నంబరు రోడ్డు పోతుంది. ఎగిరే పళ్లేలు చూడాలన్న ఆశతో జనం రాత్రిళ్లు అక్కడ ఆకాశంలోకి చూస్తూ కూర్చుంటారు. మా ఆయనా కూర్చున్నారు, మూడు గంటలు. యూఎఫ్‌ఓ ఒక్కటీ కనబడలేదని నిరాశగా లోపలికి వచ్చారు. క్విల్టర్ల భాషలో యూఎఫ్‌ఓ అంటే అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్, మొదలుపెట్టి పూర్తి చెయ్యని పని. మంచం కింద అర తెరిచి చూస్తే పదకొండు కనబడేవి.

ఇక అసలు సంఘటన. నెబ్రాస్కాలోని లింకన్‌లో క్విల్ట్ మ్యూజియం చూసుకుని హామిల్టన్ వైపు దిగుతుండగా, ట్రక్కులు ఆగే చోట మా ఆయన బండిని కాటా మీదికి ఎక్కించారు. నాతో ఒక్క మాట చెప్పలేదు. చీటీ తెచ్చి నా కుట్టు మిషను పక్కన పెట్టారు. 180 పౌండ్లు ఎక్కువ.

నేను తొణకలేదు. 180ని 8.3తో భాగిస్తే 22 గ్యాలన్లు వస్తుంది. అవి వదిలేస్తే చట్టం, గుడ్డ రెండూ క్షేమం. ఆయన వాల్వ్ తిప్పుతుంటే పక్కనే నిలబడి ఆలోచించాను. ముందున్నది హామిల్టన్. చేతులు ఖాళీగా ఎలాగూ రాం. కాబట్టి భవిష్యత్ అవసరాల దృష్ట్యా మిగతా 18 గ్యాలన్లు కూడా వదిలేయమన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, వాల్వ్ మూయకుండా లేచి నిలబడ్డారు.

ఆ రాత్రి కుళాయి, కరెంటు లేని చోట ఆగాల్సి వస్తుందని మా ఇద్దరికీ తెలియదు. పొద్దున ఎనిమిదైతేగానీ అక్కడ జనరేటరు వేయనివ్వరు. సరిగ్గా ఎనిమిదికి వేశాం. నేను ఇస్త్రీ బల్ల పరిచాను, ఆయన కాఫీ పొడి తీశారు. బండి మొత్తం మీద మిగిలింది అర సీసా మంచినీళ్లు.

"కాఫీకా, ఇస్త్రీకా?" అన్నారు సీసా ఎత్తి చూపిస్తూ.

ఆవిరి లేకుండా మొండి మడత ఏదీ కూర్చోదు. కాఫీ హామిల్టన్‌లోనూ దొరుకుతుంది. ఉన్న మాటే చెప్పాను.

ఆయన మూత తీసి, ఒక్క చుక్క కింద పడకుండా ఇస్త్రీ పెట్టెలోకి వంపి, ఖాళీ సీసా నా చేతిలో పెట్టి, ఏసీ ఆపేసి, "హామిల్టన్ ఇంకా ఎన్ని మైళ్లు?" అని అడిగారు.