బ్యాండ్ కనిపించింది సరే, అది దేనికి సాక్ష్యం?

ప్రొటీన్ల మీద పనిచేసే ల్యాబ్‌లో ఫ్రీజర్ తలుపు తీస్తే కొన్ని ట్యూబులు కనిపించి తీరతాయి: యాంటీ-ఫ్లాగ్, యాంటీ-హెచ్‌ఏ, యాంటీ-మిక్, యాంటీ-హిస్. యాంటీబాడీ అంటే ఒక నిర్దిష్ట లక్ష్యాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్; ఇవి ట్యాగ్ యాంటీబాడీలు, అంటే ప్రొటీన్‌కు గుర్తుగా అతికించే చిన్న ముక్కను (ట్యాగ్) పట్టుకునేవి. మిగతా యాంటీబాడీలను అనుమానంగా చూసే పరిశోధకులు కూడా వీటిని కళ్లు మూసుకుని నమ్ముతారు. ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. కానీ ఆ నమ్మకమే అడగాల్సిన ప్రశ్నలను అడగనివ్వడం లేదన్నది నా అభిప్రాయం. ట్యాగ్ యాంటీబాడీ జవాబు చెప్పేది ఒకే ప్రశ్నకు: ఈ ట్యాగ్ ఇక్కడ ఉందా, లేదా? ప్రొటీన్లను సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో చూసే పరీక్షలో (బ్లాట్) గీతగా (బ్యాండ్) కనిపించే ఆ జవాబును మనం ‘నా ప్రొటీన్ ఇక్కడే ఉంది, పూర్తిగా ఉంది, పనిచేస్తోంది’ అని చదువుకుంటున్నాం.

ఈ పద్ధతి అవసరంలోంచే పుట్టింది. కొత్త జన్యువును క్లోన్ చేసినవారికి దాని ప్రొటీన్‌ను చూపించే యాంటీబాడీ చేతిలో ఉండదు. జంతువుకు ఇంజెక్షన్లు ఇచ్చి కొత్త యాంటీబాడీ తయారు చేయించాలంటే నెలలు పడుతుంది, అదీ వస్తుందన్న గ్యారంటీ లేదు. 1984లో సీన్ మన్రో, హ్యూ పెల్హామ్ దీన్ని తిరగేసి ఆలోచించారు. ప్రొటీన్‌కు తగిన యాంటీబాడీ వెతికే బదులు, అప్పటికే ఉన్న యాంటీబాడీకి తగినట్టు ప్రొటీన్‌నే మార్చారు. సబ్‌స్టెన్స్ పి అనే నాడీ పెప్టైడ్‌లోని చిన్న ముక్కను పండు ఈగ హెచ్‌ఎస్‌పీ70 ప్రొటీన్ చివర అతికించి, ఆ ముక్కను గుర్తుపట్టే యాంటీబాడీతో ప్రొటీన్ జాడ పట్టారు.

తర్వాత వరసగా వచ్చాయి. మానవ సి-మిక్ ప్రొటీన్ మీద 1985లో తయారైన 9ఈ10 క్లోన్ (ఒకే రకం యాంటీబాడీని ఇచ్చే కణాల వంశం) గుర్తించే పది అమైనో ఆమ్లాలు మిక్ ట్యాగ్ అయ్యాయి. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ హీమాగ్లుటినిన్‌లోంచి తొమ్మిది అమైనో ఆమ్లాల హెచ్‌ఏ వచ్చింది. 1988లో వచ్చిన ఫ్లాగ్ మాత్రం ఎక్కడినుంచో తెచ్చుకున్నది కాదు, కావాలనే డిజైన్ చేసిన ఎనిమిది అమైనో ఆమ్లాల ముక్క. ఆస్పార్టిక్ ఆమ్లాలతో నిండి ఉండి నీటికి ఇష్టమైనది కాబట్టి ప్రొటీన్ పైభాగంలోనే తేలుతుంది. చివర ఎంటరోకైనేజ్ అనే ఎంజైమ్ కోసే చోటును కూడా అందులోనే పెట్టారు.

మామూలు యాంటీబాడీల పరిస్థితి చూస్తే ఈ ట్యాగుల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2023లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 65 ప్రొటీన్ల కోసం మార్కెట్లో దొరికే 614 యాంటీబాడీలను, ఆ ప్రొటీన్ తయారుకాకుండా జన్యువును తీసేసిన కణాల పక్కన పెట్టి చూశారు. అసలు లక్ష్యాన్నే గుర్తించని యాంటీబాడీలు చాలా బయటపడ్డాయి, వాటితో తీసిన ఫలితాలు ఎన్నో పేపర్లలో అచ్చయి ఉన్నాయి. దానితో పోలిస్తే ట్యాగ్ యాంటీబాడీ మేలిమి సరుకే. ఒకే క్లోన్‌ను దశాబ్దాలుగా లెక్కలేనన్ని ల్యాబులు వేలకొద్దీ ప్రొటీన్ల మీద వాడాయి. దాని బలమేమిటో, బలహీనత ఎక్కడుందో దాదాపు అన్నీ తెలుసు. చిక్కు ఏమిటంటే, తెలిసిన ఆ బలహీనతలు వాడేవారిలో చాలామందికి చేరడం లేదు.

ఫ్లాగ్‌నే తీసుకుందాం. దీనికి ఎం1, ఎం2 అని రెండు ప్రసిద్ధ క్లోన్లు ఉన్నాయి. ఎం2 ట్యాగ్‌ను ప్రొటీన్‌లో ఏ చివర ఉన్నా పట్టుకుంటుంది. ఎం1కు పట్టింపు ఎక్కువ. ట్యాగ్ ప్రొటీన్‌కు మొట్టమొదట ఉండాలి, దాని ముందు ఒక్క అమైనో ఆమ్లం కూడా ఉండకూడదు. కణం ప్రతి ప్రొటీన్‌నూ మెథియోనిన్‌తో మొదలుపెడుతుంది కాబట్టి, ఆ మెథియోనిన్ తొలగకపోతే ఎం1 ముఖం తిప్పుకుంటుంది. పైగా దానికి క్యాల్షియం కావాలి. చూడటానికి ఇవన్నీ లోపాల్లా ఉంటాయి, కానీ పొర మీది రిసెప్టర్లతో పనిచేసేవారికి ఇవే వరాలయ్యాయి. సిగ్నల్ పెప్టైడ్ (ప్రొటీన్‌ను పొర దారి పట్టించే చిరునామా ముక్క) తర్వాత ఫ్లాగ్ పెడితే, కణం ఆ సిగ్నల్‌ను కోసేసినప్పుడు ట్యాగ్ సరిగ్గా మొదటికొస్తుంది. అంటే ఆ దారిలో సరిగా ప్రయాణించిన ప్రొటీనే ఎం1 కాలమ్‌కు (యాంటీబాడీ కట్టిన పూసల గొట్టానికి) అంటుకుంటుంది. దాన్ని దింపడానికి ఆమ్లం అక్కర్లేదు, ఈడీటీఏ అనే రసాయనంతో క్యాల్షియాన్ని లాగేస్తే మెల్లగా వదులుతుంది. నోబెల్ దాకా వెళ్లిన బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్ స్ఫటికాల పనిలో ఎం1 కాలమ్‌కు చోటు దక్కింది అందుకే. ఇంత తేడా ఉన్న రెండు క్లోన్లనూ ఒకే గాటన కట్టి ‘యాంటీ-ఫ్లాగ్ వాడాం’ అని ఒక్క ముక్కలో తేల్చేసే పేపర్లను చూస్తే నాకు చిరాకు.

ఇక కళ్లెదుటే మోసపోయే చోట్లు. మానవ కణాల్లో 9ఈ10 వాడితే, ఆ కణాలు సొంతంగా తయారుచేసుకునే సి-మిక్ కూడా 60 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువుకు కొలమానం) దగ్గర బ్యాండ్‌గా వస్తుంది. మీ ప్రొటీన్ సైజు కూడా అదే అయితే దేన్ని చూసి సంతోషపడుతున్నారో తెలియదు. కణాలు చనిపోయే ప్రక్రియను చదివేవారికి హెచ్‌ఏతో ఇంకో ఇబ్బంది: ఆ ప్రక్రియలో చురుకయ్యే కాస్పేజ్ ఎంజైములు హెచ్‌ఏ ట్యాగ్‌నే కోసేస్తాయి. బ్యాండ్ మాయమైతే ప్రొటీన్ నాశనమైందని రాసుకుంటాం, పోయింది మాత్రం ట్యాగే. కణం బయటకు పంపే ప్రొటీన్లలో ఫ్లాగ్‌లోని టైరోసిన్‌కు సల్ఫేట్ చేరుతుంది, చేరితే ఎం2 పట్టు సడలుతుంది. ఈ మూడింట్లోనూ యాంటీబాడీ తప్పేమీ లేదు. దాన్ని అడిగింది ఒకటి, మనం అనుకున్నది ఇంకొకటి.

ట్యాగ్ ఏ చివర ఉందన్నదీ చిన్న విషయం కాదు. ముందు చివర పెడితే, మధ్యలో ఆగిపోయిన, తోక తెగిన ముక్కలు కూడా నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి. వెనుక చివర పెడితే చివరిదాకా తయారైనవే కనిపిస్తాయి, కానీ తల తెగిన ముక్కలూ వాటిలో ఉండొచ్చు. పద్ధతుల విభాగంలో ఈ వివరం రాయడానికి పట్టేది ఒక్క పదం. అదీ రాయనివారున్నారు.

ఇమ్యూనోప్రెసిపిటేషన్ (యాంటీబాడీ కట్టిన పూసలతో ప్రొటీన్‌ను పైకి లాగడం) చేసినవారికి ఇంకో టెన్షన్ తెలిసే ఉంటుంది. పూసలకు కట్టిన యాంటీబాడీ కూడా శాంపిల్‌తో పాటు ఊడివచ్చి గెల్ మీద 50, 25 కిలోడాల్టన్ల దగ్గర మందంగా పరుచుకుంటుంది. అసలు బ్యాండ్ ఆ చుట్టుపక్కల ఉంటే ఇక దొరకదు. యాంటీబాడీలో లక్ష్యాన్ని పట్టే చిన్న భాగం మాత్రమే ఉండే నానోబాడీలు వచ్చాక ఈ తలనొప్పి చాలావరకు తగ్గింది. 2019లో ప్రచురితమైన ఆల్ఫా ట్యాగ్ 13 అమైనో ఆమ్లాల చిన్న హెలిక్స్, దాన్ని పట్టుకునే నానోబాడీ దాదాపు 15 కిలోడాల్టన్లు, ఆ రెండు బ్యాండ్లనూ ఇచ్చే బరువు గొలుసూ తేలిక గొలుసూ అనేవే ఉండవు. కొత్తగా పని మొదలుపెట్టేవారు పాత అలవాటుతో హెచ్‌ఏ వైపే పోకుండా ఇలాంటివి చూడాలంటాను.

ఇక శుద్ధి సంగతి. బ్యాక్టీరియాలో గుట్టలుగా తయారయ్యే ప్రొటీన్‌కు యాంటీబాడీ కాలమ్ వాడటం డబ్బు తగలేయడమే. ఆరు హిస్టిడిన్లు (హిస్ ట్యాగ్) పెట్టి నికెల్ రెజిన్ (నికెల్ పట్టించిన పూసలు) మీదకు పంపితే మిల్లీలీటరుకు పదుల మిల్లీగ్రాములు పడుతుంది, ఇమిడజోల్ అనే రసాయనంతో దింపితే సరిపోతుంది. యాంటీ-ఫ్లాగ్ రెజిన్ అంత మోయలేదు, సాధారణంగా ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. ఆమ్లంతో, డీటీటీ అనే రసాయనంతో దాని యాంటీబాడీ దెబ్బతింటుంది కాబట్టి ఎక్కువసార్లు వాడలేం. కానీ క్షీరద కణాల్లో అరకొరగా తయారయ్యే ప్రొటీన్‌నో, దానితో చేతులు కలిపిన భాగస్వాములతో సహా మొత్తం కాంప్లెక్స్‌నో సున్నితంగా పైకి తీయాలంటే దీన్ని మించింది తక్కువ. ఉప్పు మామూలుగానే ఉంటుంది, పీహెచ్ మామూలుగానే ఉంటుంది, మిల్లీలీటరుకు వంద మైక్రోగ్రాముల పైచిలుకు ఫ్లాగ్ పెప్టైడ్ వేస్తే పోటీ పడి ప్రొటీన్‌ను విడిపిస్తుంది. నికెల్‌కైతే ఇ.కోలైలోని స్లైడీ, ఆర్న్‌ఏ వంటి ప్రొటీన్లు పిలవని పేరంటాలుగా వచ్చి అంటుకుంటాయి.

అసలు పొరపాటు శుద్ధి తర్వాతి మెట్టులో జరుగుతుంది. ఫ్లాగ్ కాలమ్‌తో పట్టి, ఫ్లాగ్ యాంటీబాడీతోనే బ్లాట్ చేసి ‘శుద్ధి అయింది, ఇదిగో సాక్ష్యం’ అంటారు. పట్టిందీ ట్యాగే, చూపిందీ ట్యాగే. ఇది ఒకే సాక్షిని రెండుసార్లు బోనెక్కించి ఇద్దరు చెప్పారని రాసుకోవడం లాంటిది. పక్కన మామూలు రంగు వేసిన గెల్ లేకపోతే ఎంత మురికి కలిసి వచ్చిందో కనపడదు. పూర్తి ప్రొటీనా, ముక్కా అన్నది ముక్కల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ చెప్పాలి. సరిగా ముడుచుకుందా అన్నది సైజును బట్టి వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ కొంతవరకు చెబుతుంది, ఎంజైమ్ పనితీరు పరీక్ష ఇంకా బాగా చెబుతుంది. రెండు చివర్లా రెండు వేర్వేరు ట్యాగులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి పట్టడం కూడా మంచి దారే. 1999లో వచ్చిన ట్యాప్ పద్ధతి ఇలా వరసగా రెండు పట్లు పట్టే ఆలోచనతోనే ఈస్ట్ ప్రొటీన్ల కాంప్లెక్సులను భారీ ఎత్తున బయటపెట్టింది.

ఇవన్నీ చేస్తే ఖర్చు, సమయం పెరుగుతాయనే వాదన ఉంది. మాస్ స్పెక్ట్రోమెట్రీ విషయంలో అది నిజమే. కానీ అన్నిటికంటే ముఖ్యమైన కంట్రోల్‌కు దాదాపు ఖర్చే లేదు. ట్యాగ్ లేని అదే ప్రొటీన్‌ను అవే కణాల్లో తయారుచేయించి, అదే కాలమ్‌లో, అదే బ్లాట్‌లో పక్క గడిలో పెట్టాలి. ఆ గడిలో బ్యాండ్ వస్తే మీ ట్యాగ్ యాంటీబాడీ ఇంకేదో చూస్తోందన్నమాట. ప్రొటీన్ జన్యువు లేని ఖాళీ ప్లాస్మిడ్‌తో (జన్యువును కణంలోకి మోసే డీఎన్‌ఏ) సరిపెట్టుకునేవారు ఎక్కువ, కానీ అది ఈ ప్రశ్నకు సగమే జవాబిస్తుంది. ట్యాగ్ లేని ప్రొటీన్ ఉన్నప్పుడు కాలమ్‌కు తానంతట తాను అతుక్కునేవి ఏమిటో ఖాళీ ప్లాస్మిడ్ చెప్పలేదు.

యాంటీబాడీలను వాటి సీక్వెన్స్ ద్వారా నిర్వచించి, రీకాంబినెంట్ పద్ధతిలో (వాటి జన్యువును కణాల్లో పెట్టి) తయారుచేయాలని 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లుక్తున్ మరెంతోమంది శాస్త్రవేత్తలతో కలిసి నేచర్ పత్రికలో పిలుపునిచ్చారు. మిగతా యాంటీబాడీలకు అది కొండంత పని. ట్యాగ్ యాంటీబాడీలకు మాత్రం సగం పని అయిపోయినట్టే: ఎం2, 9ఈ10, హెచ్‌ఏను పట్టే 12సీఏ5 క్లోన్ల సీక్వెన్సులు ఇప్పటికే ప్రచురితమయ్యాయి. కాబట్టి పత్రికలు మొదటి షరతు ఇక్కడే పెట్టవచ్చు. క్లోన్ పేరు, ట్యాగ్ ఏ చివర ఉంది, ట్యాగ్ లేని కంట్రోల్ గడి, ఈ మూడూ లేని ట్యాగ్ బ్లాట్‌ను రివ్యూవర్ వెనక్కి పంపాలి.