3.21 గారికి, ఉద్యోగం ఊడిన సందర్భంగా

3.21 గారికి నమస్కారాలు.

తమరిని విధుల నుంచి తప్పించాం. ముందు ఆక్సిల్‌లో (ఇరుసులో) ఉన్నవారినీ, వెనక ఆక్సిల్‌లో ఉన్నవారినీ ఒకేసారి. నోటీసు ఇవ్వలేదు, సంజాయిషీ అడగలేదు, కనీసం ఒక ఉత్తరమైనా రాయకపోతే బాగుండదనిపించింది.

ముందు తమరెవరో నలుగురికీ చెప్పాలి, ఎందుకంటే జీప్ రాంగ్లర్ నడిపే చాలామంది తమరి ముఖం ఎప్పుడూ చూసి ఉండరు. ఇంజను వైపు నుంచి వచ్చే షాఫ్టు 3.21 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. తమరి పేరూ అదే, పనీ అదే, జాతకమూ అదే. మన లారీ మెకానిక్కులు క్రౌన్-పినియన్ అంటారే, ఆ పెద్దా చిన్నా పళ్ళ చక్రాల జంటే. 2012 నాటి రాంగ్లర్ స్పోర్ట్‌లో మామూలుగా తమరే వచ్చేవారు, పైన డబ్బు కడితే 3.73 గారు వచ్చేవారు, రాళ్ళ మీద నడపడానికి చేసిన రూబికాన్ రకం కొనేవాళ్ళకి 4.10 గారు కూడా దొరికేవారు. అంకె పెరిగేకొద్దీ లాగే బలం ఎక్కువ, తాగే పెట్రోలూ ఎక్కువ, కాబట్టి ఆ కుటుంబంలో పొదుపరి తమరే. 29 అంగుళాల టైరు, చదునైన హైవే, తొందరపడని డ్రైవరు, ఈ మూడూ ఉంటే ఇంజనుని అలవనివ్వకుండా తిప్పి పెట్రోలు మిగిల్చేవారు. ఆ ఉద్యోగానికి తమరు సరిగ్గా సరిపోయారు, ఈ ఒక్క మాటలో వ్యంగ్యం లేదు.

కానీ బండి నా చేతికి వచ్చేసరికే దాని కింద 35 అంగుళాల టైర్లున్నాయి. అమ్మినాయన టైర్లు మార్చాడు, ఎత్తు పెంచాడు, నెత్తిన ఒక లైట్ల వరస బిగించాడు, తమరిని మాత్రం ముట్టుకోలేదు. టైరు ఫొటోలో పడుతుంది, తమరు పడరు. ఇనప డొప్పలో, గంధకం కంపు కొట్టే నూనెలో మునిగి ఉన్నవారికి లైకులు ఎవరు కొడతారండీ?

29 నుంచి 35కి వెళ్తే టైరు దాదాపు 21 శాతం పెద్దదయినట్టు, ఒక్కో చుట్టుకీ అంత ఎక్కువ దూరం పోతుంది. అంటే తమరు కూర్చున్న చోటే కూర్చుని, ఒక్క పన్ను కూడా ఊడకుండానే, 3.21 నుంచి దాదాపు 2.66కి పడిపోయారు. ఇక డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమటి కొండలెక్కుతుంటే (ఐసెన్‌హవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంటుంది, ఆ పల్చటి గాలిలో ఇంజనుకి మామూలుగానే ఆయాసం) ఐదో గేరు నుంచి నాలుగుకి, నాలుగు నుంచి మూడుకి, అక్కడ అరుపులు భరించలేక మళ్ళీ నాలుగుకి, ఇదే తంతు. బండికి ఐదో గేరు ఉందని కాగితాల్లో రాసి ఉంది, ఆ కొండ మీద మాత్రం దాన్ని చూసినవాళ్ళు లేరు.

స్పీడోమీటర్ సంగతి ఇంకా బాగుంది. అది 60 అంటే నిజంగా 72 మైళ్ళ వేగం. వంద మైళ్ళు తిరిగితే మీటరులో 83 పడేవి, బండి అమ్ముకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? టైరు కొలత మారిందని బండి కంప్యూటరుకి చెప్పడానికి ఒక చిన్న పరికరం దొరుకుతుంది లెండి, చెప్పే ఉద్దేశం ఉంటే.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఆ టైర్లు పీకేసి మళ్ళీ 29వి వేయిస్తే గొడవ ఆ సాయంత్రానికే తీరిపోయేది. కానీ ఆ మాట పైకి అన్నవాణ్ణి ఈ ఆఫ్‌రోడ్ లోకంలో మళ్ళీ ఎవరూ ట్రెయిల్‌కి పిలవరు.

పైగా తమరివి కాని పాపాలు కూడా తమరి ఖాతాలోనే పడ్డాయి. మాన్యువల్ గేర్ల స్పోర్ట్‌లో మొదటి గేరు 4.46, మెల్లగా పాకడానికి ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు వెనక ఆక్సిళ్ళకి బలం పంచే పెట్టెలో) వేసే లో-రేంజ్ 2.72, తమరు 3.21, గుణిస్తే చక్రం ఒక చుట్టుకి ఇంజను చుట్లు 39 దగ్గర తేలతాయి. రూబికాన్‌లో 4.46, 4, 4.10 గుణిస్తే 73. మొయాబ్ అనే ఆఫ్‌రోడ్ చోట రాళ్ళ మీద రూబికాన్‌వాడు నత్తలా దిగుతుంటే స్పోర్ట్‌వాడు బ్రేకు మీద నిలబడి ఎందుకు దిగుతున్నాడో ఇక్కడ తెలుస్తుంది. అందులో పెద్ద వాటా ట్రాన్స్‌ఫర్ కేసుది, అయినా అందరూ తిట్టేది తమరినే.

సరే, తమరి కుర్చీలో ఎవరు? ఇక్కడ 4.56 వర్గం ఒకటి, 4.88 వర్గం ఒకటి, రెండూ ఎదురుపడితే పలకరింపులు ఉండవు. 3.73 బండికి 35 టైర్లు వేస్తే పాత ఊపు రావడానికి 4.50 కావాలి, కాబట్టి 4.56 అని మొదటివాళ్ళు. టైరు పొడుగే చూశారు, బరువు చూడలేదు, కొండలు చూడలేదు, 4.88 అని రెండోవాళ్ళు. అదే లెక్క తమరితో మొదలుపెడితే 3.87 చాలు, ఆ సంగతి ఏ వర్గమూ ఎత్తదు. బండి తిరిగేది కొలరాడో కొండల్లో కాబట్టి నేను రెండోవాళ్ళతో చేరాను.

తమరిని ఊడదీయడం ఎంతసేపు! 4.88 గారిని కూర్చోబెట్టడమే అసలు యజ్ఞం. పినియన్ (చిన్న పళ్ళ చక్రం) లోతు షిమ్ములనే పల్చటి రేకు బిళ్ళలతో సరిచెయ్యాలి, పళ్ళ మధ్య ఆట అంగుళంలో ఆరు నుంచి పది వెయ్యో వంతుల మధ్య ఉండాలి, పళ్ళకి పసుపు రంగు పూసి తిప్పితే ముద్ర పంటి నడిమధ్యన పడాలి. పడలేదా, బేరింగు లాగి, షిమ్ము మార్చి, మళ్ళీ మొదటి నుంచి. ముందు ఆక్సిల్‌లో తమరు కూర్చున్న క్యారియర్ (పెద్ద పళ్ళ చక్రాన్ని మోసే భాగం) 4.88 గారికి పనికిరాలేదు, కొత్తది కొనాల్సి వచ్చింది. పోనీ వెనక ఒక్కటీ మారుద్దామా అంటే కుదరదు, ముందొక నిష్పత్తి వెనకొక నిష్పత్తి పెట్టి ఫోర్-వీల్ వేస్తే రెండు ఆక్సిళ్ళూ ఏదో ఒకటి విరిగేదాకా పీక్కుంటాయి. బిల్లు రెండు వేల డాలర్లు దాటింది.

ఇప్పుడు చదును మీద 65 మైళ్ళ వేగంలో, ఐదో గేరులో ఇంజను 2,500 చుట్ల పైన తిరుగుతోంది, తమరి హయాంలో అది 1,660 దగ్గర మూలుగుతుండేది. కొండ మీద కూడా ఐదో గేరు దర్శనమిస్తోంది. అయితే కొత్తాయనకి మర్యాదలెక్కువ. మొదట ఓ పదిహేను, ఇరవై మైళ్ళు నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి, 500 మైళ్ళ దాకా బరువు లాగకూడదు, అప్పుడు నూనె మార్చాలి. హైవే మీద సన్నగా ఒక కూత వినపడుతోంది, అది గేరుదో కాదో తేల్చుకోలేకపోతున్నాను, ఎందుకంటే ఈ 35 టైర్లు అంతకన్నా గట్టిగా మోగుతాయి.

ఇట్లు,
టైర్ల పక్షాన బిల్లు కట్టినవాడు

తా.క. తమరిని అమ్మకానికి పెట్టాను. ఒకాయన అడిగాడు, ఊరికే ఇస్తారా, ఇస్తే పార్సిల్ ఖర్చు ఎవరిది అని. ఇద్దరూ కలిసి ఎంత బరువుంటారో తూచి చెప్తానన్నాను.