సవరణ: కేథలిక్ ఫాదర్లు, బ్రహ్మచర్యం

కిందటి పోస్టులో "కేథలిక్ సభలో పెళ్లయినవాళ్లు ఫాదర్లు కాలేరు, అది మార్చలేని విశ్వాస సత్యం" అని ఉంది. దాన్ని ఇలా సవరించి చదవండి: అది లాటిన్ సభ (కేథలిక్కుల్లో అత్యధికులు ఉండే పాశ్చాత్య శాఖ) పాటించే క్రమశిక్షణ, విశ్వాస సత్యం కాదు. 1139 నాటి రెండో లాటరన్ మహాసభ గురువుల (అంటే ఫాదర్ల) వివాహాలు చెల్లవని తేల్చింది. ఉక్రెయిన్ గ్రీకు కేథలిక్ సభ వంటి తూర్పు సభల్లో మాత్రం పెళ్లయినవారికి గురుపట్టం (ఫాదరు హోదా) ఇస్తారు. వాళ్లూ పోపుగారి కిందే ఉంటారు. అయితే పట్టం పొందాక పెళ్లి కుదరదు, బిషప్పులు బ్రహ్మచారులే. కేరళ మూలాలున్న సిరో మలబార్ సభ తూర్పుదే అయినా, అక్కడ ఫాదర్లు పెళ్లి చేసుకోరు.

ఇక్కడ చెన్నైలో మన తెలుగువాళ్లు అడుగుతున్న మరో మాట: "కెథీడ్రల్ రోడ్డు సెయింట్ జార్జ్ చర్చిలో అయ్యగారికి భార్యాబిడ్డలున్నారే?" అది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే ప్రొటెస్టెంట్ సభ) చర్చి, కేథలిక్ కాదు. 1947లో సీఎస్‌ఐ ఏర్పడింది అక్కడే.

దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం గురించి 2019లో జరిగిన సినడ్ (బిషప్పుల సమావేశం) పెళ్లయిన డీకన్లకు (ఫాదర్ల కింది స్థాయి సేవకులకు) గురుపట్టం ఇవ్వాలని కోరింది. 2020లో పోప్ ఫ్రాన్సిస్ తన లేఖలో దానికి అనుమతి ఇవ్వలేదు. ఫాదర్లు దొరక్క నెలల తరబడి పూజ లేని ఊళ్లను తలచుకుంటే, ఆ కోరిక న్యాయమైనదేనని నా నమ్మకం.