చేతికి తగిలితే చాలు, హ్యాండ్‌బాలేనా?

పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌లో పెనాల్టీ గొడవ జరిగిందంటే చాలు, మర్నాటికి ఒక పోస్టు ఫోన్లన్నీ తిరిగొస్తుంది. “బంతి చేతికి తగిలితే హ్యాండ్‌బాల్. గోల్‌కి ముందు తగిలితే గోల్ రద్దు. పెనాల్టీ ఏరియాలో డిఫెండర్‌కి తగిలితే పెనాల్టీతో పాటు కార్డు. మిగతావన్నీ రిఫరీల సాకులు.” వినడానికి బాగుంది. నిబంధన మాత్రం ఇలా లేదు.

మొదటి మాటే తప్పు. బంతి చేతికి తగిలిన ప్రతిసారీ ఫౌల్ కాదని ఫుట్‌బాల్ నిబంధనల్లో ఫౌళ్ల గురించి చెప్పే 12వ నిబంధనలోనే రాసి ఉంది. కావాలని చెయ్యి పెడితే ఫౌల్. చెయ్యి అసహజంగా చాచి ఒంటిని పెద్దది చేసుకుంటే, కావాలని కాకపోయినా ఫౌల్. తగువంతా ఈ ‘అసహజంగా’ దగ్గరే. ఎగిరేవాడి చేతులు, జారుతూ బ్యాలెన్స్ చేసుకునేవాడి చేతులు ఒంటికి అతుక్కుని ఉండవు (నమ్మకం లేకపోతే చేతులు కట్టుకుని పరుగెత్తి చూడండి). ఆ కదలికలో చెయ్యి అక్కడ ఉండటం సబబేనా అని రిఫరీ తేల్చాలి. అది సాకు కాదు, నిబంధన అతనికి అప్పగించిన పనే అది. బంతి ఇన్ని మీటర్ల దూరం నుంచి వస్తే ఫౌల్ అని కొలత కూడా ఎక్కడా లేదు. అన్నట్టు, చెయ్యి అంటే చంక కింది అంచు నుంచి లెక్క. భుజానికి తగిలితే అసలు ప్రశ్నే లేదు.

2024 యూరో (యూరప్ దేశాల కప్పు) క్వార్టర్ ఫైనల్ గుర్తుందా? జర్మనీ, స్పెయిన్ 1-1తో ఎక్స్‌ట్రా టైమ్‌లో ఉండగా జర్మనీ ఆటగాడు ముసియాలా షాట్ స్పెయిన్ డిఫెండర్ కుకురేయా చేతికి తగిలింది. రిఫరీ ఆంథోనీ టేలర్ పెనాల్టీ ఇవ్వలేదు. చివరికి స్పెయిన్ 2-1తో గెలిచింది. నేనైతే ఇచ్చేవాణ్ణి: చెయ్యి ఒంటికి ఎడంగా ఉంది, బంతి గోల్ వైపు వెళ్తోంది. కానీ చూడండి, నా పక్షం వాదించడానికి కూడా చెయ్యి ఎక్కడుందో చెప్పాల్సి వచ్చింది. ‘తగిలింది’ అంటే సరిపోలేదు.

గోల్ రద్దు మాట సగమే నిజం. గోల్ కొట్టినవాడి చేతికే పొరపాటున తగిలి, వెంటనే గోల్ పడితే రద్దే. తోటి ఆటగాడి చేతికి పొరపాటున తగిలితే మాత్రం 2021లో నిబంధన మారాక గోల్ నిలుస్తుంది. మరి 2009లో ఐర్లాండ్ మీద ఫ్రాన్స్ ఆటగాడు హెన్రీ సంగతి? అతను చేత్తో ఆపి అందిస్తే తోటి ఆటగాడు గలాస్ గోల్ కొట్టాడు. కానీ అది పొరపాటు కాదుగా! ఈనాటి నిబంధనలోనూ అది ఫౌలే.

ఇక కార్డు. అది హ్యాండ్‌బాల్‌తో పాటు ఊరికే వచ్చేది కాదు, ఏం ఆపాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఖాయమైన గోల్‌ని కావాలని చేత్తో ఆపితే రెడ్. అదే కావాలని కాకపోతే, పెనాల్టీ ఇచ్చినప్పుడు 2024-25 నుంచి ఎల్లో మాత్రమే. 2010 ప్రపంచకప్‌లో ఘనా మీద ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గోల్‌లైన్ దగ్గర రెండు చేతులూ ఎత్తి ఆపాడు. రెడ్ కార్డు తిని బయటికి నడిచాడు. ఘనా ఆటగాడు జ్యాన్ కొట్టిన పెనాల్టీ క్రాస్‌బార్‌కి తగిలింది.