సవరణ: అనెక్షర్ సి పాస్‌పోర్ట్ వరకే, వీసాకి కాదు

పాపనో బాబునో ఒక్క పేరెంటే విదేశాలకి తీసుకెళ్తుంటే అనెక్షర్ సి డిక్లరేషన్ ఒక్కటి ఉంటే చాలు, ఇంకే కన్సెంట్ అక్కర్లేదు అని మొన్న పోస్ట్‌లో రాశాను కదా, అది తప్పు.

అనెక్షర్ సి పిల్లల పాస్‌పోర్ట్ అప్లికేషన్‌కి మాత్రమే, రెండో పేరెంట్ సంతకం దొరకనప్పుడు తెల్లకాగితం మీద మనమే రాసిచ్చేది. 2016 డిసెంబర్‌లో రూల్స్ మార్చినప్పటి నుంచి దానికి నోటరీ కూడా అక్కర్లేదు, పాస్‌పోర్ట్‌లో తల్లిదండ్రులిద్దరి పేర్లూ వేయాలనే పట్టింపూ లేదు. సికింద్రాబాద్ పాస్‌పోర్ట్ ఆఫీస్ కింద వచ్చే సేవా కేంద్రాల్లోనూ ఇదే.

కానీ వీసా దగ్గర లెక్క వేరు. షెంజెన్ దేశాలకైతే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) పిల్లల మీద హక్కున్న రెండో పేరెంట్ రాతపూర్వక అనుమతి కావాలి, లేదంటే పూర్తి కస్టడీ మీదేనని ఫ్యామిలీ కోర్టు ఆర్డర్, వాళ్లు చనిపోయుంటే డెత్ సర్టిఫికెట్. పాస్‌పోర్ట్‌లో ఒక్కరి పేరే ఉంది కాబట్టి ఇవేవీ అడగరు అనుకోకండి. విడాకులైన వాళ్లు ముఖ్యంగా చూసుకోండి, డిక్రీలో విడాకుల మాట ఉండి కస్టడీ మాట లేకపోతే ఆ కాగితం ఇక్కడ పనికిరాదు, ఇది చాలామందికి ఆఖరి నిమిషంలోనే తెలుస్తుంది, అప్పుడు పిల్లల మొహం చూడలేం. కెనడా కూడా కన్సెంట్ లెటర్ వెంట ఉంచుకోమని గట్టిగానే చెప్తుంది.

ఇదంతా పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లోనూ, ఆయా దేశాల వీసా చెక్‌లిస్టుల్లోనూ ఉన్నదే. పాత పోస్ట్ ఎవరికైనా ఫార్వర్డ్ చేసుంటే దయచేసి ఇది కూడా పంపండి, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌తో కలిసిందో లేదో కూడా ఒకసారి చూసుకోమనండి.