మా ఆఫీసు బరి

ఆడవాళ్ల కింద ఆడవాళ్లు పనిచెయ్యలేరని మా మగ సిబ్బందిమి ఎప్పుడో తేల్చేశాం. భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ మాది (పేరెందుకులెండి). నా 23 ఏళ్ల సర్వీసులో మా సెక్షన్‌కి వచ్చిన మొదటి లేడీ మేనేజరు ఈ మేడం. అంతకు ముందున్నాయన ఫైళ్లు విసిరికొట్టేవారు. ఆయన స్ట్రిక్టు. మేడం ఒక బిల్లు వెనక్కి పంపితే మాత్రం అది ఆడబుద్ధి. ఈ తేడా పట్టుకోవాలంటే కాస్త అనుభవం ఉండాలి.

మా వాదనకి శాస్త్రం కూడా ఉంది. అమెరికాలో 1974లోనే దీనికి ‘రాణి ఈగ’ (క్వీన్ బీ) జబ్బని పేరు పెట్టారు. పైకొచ్చిన స్త్రీ తోటి స్త్రీలని పైకి రానివ్వదట. ఆడవాళ్లని చిన్నచూపు చూసే ఆఫీసుల్లోనే ఈ జబ్బు పుడుతుందని తర్వాతి పరిశోధకులు రాశారు గానీ, మేం ఆ పేజీ దాకా వెళ్లలేదు. ‘అత్త లేని కోడలు ఉత్తమురాలు’ అన్న సామెత చాలదూ? (మామ మీద సామెత ఎందుకు లేదని మా ఆవిడ అడిగింది. అన్నం తినేటప్పుడు అడిగే ప్రశ్నా అది?)

అసలు పరీక్ష సంక్రాంతి ముందు వచ్చింది. అకౌంట్స్ అమ్మాయి ప్రసూతి సెలవు కాగితం పట్టుకుని మేడం గదిలోకి వెళ్లింది. 26 వారాలు! మేడం కాన్పునాటికి చట్టం ఇచ్చింది 12 వారాలే, 2017లో గానీ పెంచలేదు. అంటే 14 వారాల కడుపుమంట లోపల కాచుకుని ఉంది. ఊరి బయట కోడిపందేల బరులు చదును చేస్తున్న రోజులు కదా, మేమూ ఆఫీసులో ఒకటి గీశాం. ‘డేగ మీద 500’ అన్నాడు డిస్పాచ్ ఆయన. డేగంటే మేడం. నేను ఒక ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కాశాను. కత్తులూ మేమే కట్టాం. ‘నీ గురించి మేడం ఏమన్నారో తెలుసా అమ్మా’ అని ఆ పిల్లకీ, ‘ఈ కాలం పిల్లలకి పనంటే బద్ధకమండి’ అని ఈవిడకీ, వారం ముందు నుంచీ.

తలుపు సందులోంచి ఒక్క ముక్కే వినబడింది. ‘నన్ను రెండు నెలలకే రమ్మన్నారమ్మా. పాలు పొంగి జాకెట్టు తడిసిపోతే బాత్రూంలో నిలబడి ఏడ్చాను.’

తర్వాత సంతకం. ఇద్దరూ కలిసి టీకి వెళ్లిపోయారు. ఇంత చప్పటి పందెం గోదావరి జిల్లాల్లో జరిగి ఉండదు.

సాయంత్రం మేడం నన్ను పిలిచి, ‘ఆ అమ్మాయి వచ్చేదాకా ఆ సీటు మీరే చూడాలండి’ అన్నారు, నవ్వుతూ. ఆడవాళ్ల కింద పనిచెయ్యడం కష్టమని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానా?