బోర్డు డూప్లికేటట, చదువు ఒరిజినలట!

మా అల్లుడు ఇప్పుడే నల్లగొండ నుంచి మొఖం వేలాడేసుకొని వచ్చిండు. చేతుల ఆర్డుయినో ఊనో, అదే కోడ్ రాసి నడిపే చిన్న చిప్పు బోర్డు. కేబుల్ పెట్టంగనే చిప్పు సుర్రుమంటున్నది. మొక్కలకు నీళ్లు పోసే ప్రాజెక్టట. చిన్న పంపు ఎర్ర వైరు నేరుగ 8వ పిన్నుకు, నల్లది గ్రౌండ్‌కు పెట్టిచ్చిండట వాళ్ల సారు. కాలినంక ఏమన్నడంటే, "డూప్లికేట్ బోర్డు తెచ్చినవ్, ఒరిజినల్ కొనుక్కో."

ఆహా! ఒరిజినలైతే కాలకుండ దండం పెట్టునా సారూ?

పిన్నుకు ఔట్‌పుట్ అని పేరున్నంత మాత్రాన అది కరెంటు స్తంభం కాదు. ఆ పిన్ను సుఖంగ ఇచ్చేది 20 మిల్లీఆంపులు. 40 అనేది దాటొద్దని చిప్పు చేసినోళ్లు గీసిన గీత, వాడుకొమ్మని ఇచ్చిన కోటా కాదు. ఎల్‌ఈడీ వెలుగుతది, అది గూడ రెసిస్టర్ పెడితేనే. పంపు వందల మిల్లీఆంపులు గుంజుతది, తిరుగుడు మొదలువెట్టేటప్పుడు ఇంకా ఎక్కువ. పిన్ను పని "ఇగ తిరుగు" అని చెప్పుడు వరకే. కరెంటు వేరే సప్లై నుంచి రావాలె, నడుమ ట్రాన్సిస్టరో రిలే మాడ్యూలో ఉండాలె, మోటారుకు అడ్డంగ డయోడ్ పడాలె. బడి మొఖం చూడని మా ఊరి రైతును అడుగుండ్రి, స్టార్టర్ల పచ్చ బటన్ వేరు, మోటారుకు కరెంటిచ్చే కాంటాక్టర్ వేరని చెప్తడు.

రికార్డుల మాత్రం రంగు పెన్నులతోని "ఔట్‌పుట్ పిన్ అనగా సంకేతమును వెలుపలికి పంపునది" అని ముత్యాల్లెక్క రాపిచ్చిండ్రు!

బటన్ సంగతి వింటే ఇంకా కడుపు మండింది. బటన్ ఒక కాలు 2వ పిన్నుకు, ఇంకో కాలు గ్రౌండ్‌కు. రెసిస్టర్ లేదు, కోడ్‌ల పిన్ను పని చెప్పే పిన్‌మోడ్‌ల ఉత్త ఇన్‌పుట్ అని రాసిండ్రు. ఒత్తకున్నా లైటు వెలుగుతది, ఆరుతది, చెయ్యి దగ్గరికి పోతే ఇంకో తీరు. సారేమో "లూజ్ కనెక్షన్" అని వైర్లన్నీ పీకిచ్చి మళ్ల పెట్టిచ్చిండట. లూజ్ కాదు సారూ, పిన్నును ఎటూ కట్టకుండ గాలికి వదిలిండ్రు. గాలిల ఉన్న పిన్ను చుట్టుపక్కల వైర్ల లొల్లంత పట్టుకుంటది. పిన్‌మోడ్‌ల ఇన్‌పుట్_పుల్అప్ అని రాస్తే చిప్పు లోపలి రెసిస్టరే దాన్ని 5 వోల్టుల కాడ పట్టి ఉంచుతది. అప్పుడు ఒత్తకపోతే హై, ఒత్తితే లో. ఉల్టా ఉంటది, పిల్లలకు చెప్పాల్సింది గదే. చెప్పాల్నంటే ముందుగాల చెప్పేటోనికి తెల్వాలె గద.

రేపు వీళ్ల చేతికి ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డు వస్తే ఏం గావాలె? దాంట్ల 34 నుంచి 39 దాకా పిన్నులు ఇన్‌పుట్‌కే, లోపల పుల్అప్ గూడ ఉండదు. 34కు ఎల్‌ఈడీ పెట్టి వెలుగుతలేదంటే, మళ్ల బోర్డు డూప్లికేటే!

అసలు ఈ రోగం ఇప్పటిది కాదు. మా బీటెక్ చివరి ఏడు, నేను కోఠి గుజరాతీ గల్లీ అంత తిరిగి సామాను తెచ్చి 8051 అనే పాత చిప్పుతోని ప్రాజెక్టు చేసిన. దాని పోర్ట్ 0 అనే పిన్నుల గుంపుకు లోపల పుల్అప్ ఉండదని, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు బయట నేనే సోల్డర్ చేసిన. వేళ్లు గూడ కాలినయ్. పక్క బెంచీల ఒకడు దిల్‌సుఖ్‌నగర్ల రెడీమేడ్ డబ్బా కొనుక్కొచ్చి పెట్టిండు. ఏ పిన్ను ఇన్‌పుట్‌రా అంటే క్యాలెండర్ దిక్కు చూసెటోడు. వానికి నాకన్న ఎక్కువ మార్కులు! ఇప్పుడు వాడు గూడ ఓ కాలేజీల సారే, ఇంకేం చెప్పాలె.

నా పుల్అప్ రెసిస్టర్ల గురించి, బయటి కాలేజీ నుంచి పరీక్ష పెట్టనీకి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు ఒక్క ముక్క అడగలె. రికార్డు తిప్పి, ఇండెక్సుల పేజీ నంబర్లు లేవని మార్కులు కోసిండు. గా పేజీ నంబర్లు ఏ పోర్టుకు కలపాల్నో ఇప్పటిదాకా ఎవ్వడు చెప్పలె.